పాస్టరుగారి కుర్చీకి కన్నం

పందొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం, మార్చి నెల, రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నరకు మా పాస్టరుగారు మా అత్త దొడ్డికి కూర్చునే కుర్చీలో ఇరుక్కుపోయారు. టైము నాకు ఖచ్చితంగా తెలుసు. ఒంగోలు నుంచి బాడుగ కారు వేసుకుని వచ్చిన మా పెద్ద మరిది, ఆ కారు నిలబడి ఉన్నంతసేపూ చేతి గడియారం చూసుకుంటూ టైము పైకి చదువుతూనే ఉన్నాడు. "తొమ్మిదిన్నరయింది వదినా" అని వాడు అనడమూ, అయ్యగారు కుర్చీలోకి దిగిపోవడమూ ఒకేసారి జరిగాయి.

మా పేటలో ఈ సంగతిని మనిషికో రకంగా చెబుతారు. ఆ రోజు అయ్యగారి మీదికి ఆత్మ దిగిందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. దిగింది ఆత్మ కాదు. అందుకే రాస్తున్నాను. నాకు నలభై దాటాక, చర్చి వెనక రేకుల షెడ్డులో రాత్రిబడి పెట్టినప్పుడు అక్షరాలు వచ్చాయి. కష్టపడి నేర్చుకున్నవాటిని అబద్ధాలకు ఖర్చు పెట్టలేను.

మాది వినుకొండ దగ్గర నల్లరేగడి పల్లె. పత్తి, మిరప తప్ప ఇంకోటి ఎరగం. మా అత్త ఇల్లూ నా ఇల్లూ ఆనుకునే ఉండేవి, మధ్యలో ఒకటే గోడ. మా ఆయన, అంటే ఆమె పెద్ద కొడుకు, పోయాక కూడా నేను ఆ గోడ ఇవతలే ఉండిపోయాను. రోజూ ఏదో ఒక జగడం ఉండేది మాకు. నీళ్ల దగ్గరో, కోడి దగ్గరో, ఏదీ దొరక్కపోతే ముందురోజు జగడం దగ్గరో.

మిరప కాలం వస్తే చుట్టుపక్కల రైతులు కాయలు తెచ్చి ఆమె వాకిట్లో పోసేవాళ్లు. పేటలో ముసలమ్మలంతా వచ్చి కూర్చుని తొడిమలు తీసేవాళ్లు, తాలు కాయలు ఏరేవాళ్లు. ఎవరి చెయ్యి చురుకో, ఎవరు ముచ్చట్లు ఎక్కువో, ఎవరిని రేపటి నుంచి రావద్దనాలో అన్నీ మా అత్తే చూసుకునేది. ఆ వాకిట్లో ఆమె మాటకు కలెక్టరు మాటకున్నంత బరువుండేది.

ఆ ఏడు పత్తి తీతలప్పుడు ఆమె పత్తి కుప్ప మీద నుంచి జారి పడింది. మా ఊళ్లో మెత్తటి వస్తువంటే పత్తి ఒక్కటే. దాని మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి మా అత్త ఒక్కతే. కట్టు కట్టేవాడు వచ్చి ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టి, కదలొద్దన్నాడు. కాలు కదల్లేదు కానీ నోరు మాత్రం ఒక్కరోజూ ఆగలేదు.

కట్టు విప్పాక గోడ పట్టుకుని నడవగలిగింది. కానీ గొంతుక్కూర్చోలేకపోయేది. కూర్చుంటే లేవలేదు. మా ఇళ్లల్లో బయటికి వెళ్లడమంటే పెరటి వెనక తుమ్మచెట్ల చాటుకు వెళ్లి గొంతుక్కూర్చోవడమే. రోజూ నేనే పట్టుకుని కూర్చోబెట్టి, పట్టుకుని లేపేదాన్ని. లేపిన ప్రతిసారీ "నీ చేతులు ఇనప పట్టకార్లే" అని తిట్టేది.

మిగిలిన కొడుకులిద్దరూ వచ్చి చూశారు. ఒకడు ఒంగోల్లో ఆఫీసులో అటెండరు. రెండోవాడు పొదిలిలో ఒక షాపులో గుమాస్తా. ఇద్దరూ చెడ్డవాళ్లు కాదు. ఊళ్లో మాట పడతామని భయం వాళ్లకు. ఇద్దరు కొడుకులుండగా కోడలి చేత ఎత్తి కుదేయించుకుంటోందని ఎవరో అన్నారట. వంతులు వేసుకున్నారు. ఒక నెల ఒంగోల్లో, ఒక నెల పొదిలిలో.

"నేనేమన్నా సంఘం వాళ్ల డప్పునా, నెలకో ఇంట్లో ఉండటానికి?" అంది మా అత్త.

"అది కాదమ్మా, నీకు ఇక్కడ ఎట్టా జరుగుద్ది?" అన్నాడు ఒంగోలు మరిది.

"మీ ఊళ్లో నా ముందు కాయలెవడు పోస్తాడ్రా? పొద్దస్తమానం గోడకేసి చూస్తా కూర్చోవాలా?"

వాదించి వాదించి చివరికి వాడో షరతు పెట్టాడు. మార్చి రెండో ఆదివారం కారు తెస్తాం. అప్పటికి నువ్వు మంచం దిగి, పెరట్లోకి వెళ్లి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుని లేచి వస్తే ఇక్కడే ఉండు. లేదంటే కారెక్కు. మా అత్త సరేనంది. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి, "ఏమే, ఊరికే నిలబడ్డావేం? ఏదో ఒకటి చెయ్యి" అంది.

ముందు మంచం చూశాను. నులక మంచం మరీ కిందికుంది, దాని మీంచి లేవలేదు. కోళ్ల కింద ఇటుకలు పెట్టాను. రెండో రాత్రికి అది ఎంత ఎత్తయిందంటే, కాళ్లు నేలకానక, బావి గట్టు మీద చిన్నపిల్లలా కూర్చుని కాళ్లాడించింది. ఒక వరస తీసేశాను. తర్వాత పంచ రాటల నుంచి పక్కగోడ వెంట పెరటిదాకా నడుమెత్తున తాడు కట్టాను, పట్టుకుని నడవడానికి. పొద్దున లేచి చూస్తే ఎదురింటావిడ దాని మీద దుప్పట్లు ఆరేసింది. తీయమంటే, "తాడు కట్టింది ఎందుకు మరి?" అని నన్నే అడిగింది. అప్పటి నుంచి మా అత్త నడిచే ముందు పంచలోంచి ఒక కేక వేసేది. ఎవరి గుడ్డలు వాళ్లు పరిగెత్తుకొచ్చి తీసుకునేవాళ్లు.

ఇక కూర్చోవడం ఒక్కటే మిగిలింది. ఒకసారి వినుకొండ ఆసుపత్రిలో మా అక్కను చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడ మధ్యలో కన్నమున్న కుర్చీ చూశాను. కింద బొచ్చె పెడతారు. చేతులున్న కుర్చీ అయితే మా అత్త ఆ చేతుల మీద బరువేసి తనే లేవగలదు. కానీ మా పేటలో చేతుల కుర్చీ ఉన్నది ఒక్కటే. చర్చిలో పాస్టరుగారిది. టేకుది. ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

సంఘపెద్దను బతిమాలి శనివారం పొద్దున దాన్ని ఎద్దుబండి మీద వడ్రంగి కొట్టానికి తీసుకెళ్లాను, మాదిరికి. ఆయన బండ్లూ నాగళ్లూ గుంటకలూ చేసే మనిషి. మిరప తోలకాల రోజులు కావడంతో కొట్టం నిండా విరిగిన బండి చక్రాలే. రాత్రిబడి సుద్దముక్కతో కుర్చీ మీద గంజి చట్టి బోర్లించి గుండ్రంగా గీసి చూపించాను. "ఇట్టాంటి కుర్చీ, ఇంత కన్నం. సాయంత్రానికి కావాలి ఆచారీ" అన్నాను. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని తలూపాడు.

సాయంత్రం వెళ్లాను. పాస్టరుగారి కుర్చీ మధ్యలోంచి నేల కనిపిస్తోంది.

"ఇదేంది ఆచారీ!"

"నువ్వు చెప్పిందే గదా."

"మాదిరికని గదయ్యా తెచ్చింది!"

"నా కొట్టంలోకి మాదిరికని ఏ వస్తువూ ఇంతవరకూ రాలా. విరిగింది వచ్చుద్ది, బాగుచేస్తా. సుద్ద గీశావు, గీసినకాడ కోశా."

"విరగని కుర్చీ తెచ్చి ఎవరన్నా కన్నం పెట్టమంటారా?"

"నేనూ అదే అనుకున్నా. ఇంత మంచి కుర్చీకి కన్నమెందుకా అని. అయ్యగారికి మూలశంక గావాల, పాపం కుర్రోడు, నోరు తెరిచి అడగలేక నీతో పంపించాడనుకున్నా."

కోసిన చెక్కన్నా ఇవ్వమన్నాను, మేకులు కొట్టి అతికిద్దామని. వాళ్లావిడ అప్పటికే దాన్ని నీళ్ల బానకు మూత చేసుకుందట. తప్పు ఆయనదే అని నేను ఇప్పటికీ అంటాను. ఆయన చచ్చేదాకా నాదే అన్నాడు.

ఏడుస్తూ కుర్చీ ఇంటికి తెచ్చాను. మా అత్త దాన్ని చూసి, నా ఏడుపు పట్టించుకోకుండా, మిరపకాయల ముందు నుంచి లేపించుకుని అట్టాగే వెళ్లి కూర్చుంది. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద వేసి, పాదాలు వెనక్కి లాక్కుని, తల ముందుకు వంచి, ఒక్క ఊపున లేచింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. తుంటి విరిగాక ఎవరూ పట్టుకోకుండా లేవడం అదే మొదటిసారి. చీకటిపడేదాకా మనిషి కూర్చుంటూ లేస్తూనే ఉంది. నేను వద్దంటే, "నువ్వు మాట్లాడమాక, మనసు మళ్లుద్ది" అంది.

పొద్దున్నే ఊరి బయటే అయ్యగారికి ఎదురెళ్లి, ఏకాంతంగా చెప్పి, కాళ్లు పట్టుకుందామనుకున్నాను. అందాకా ఎవరి కంటా పడకుండా కన్నం మీద కుర్చీతో వచ్చిన చర్చి దిండు వేసి, పైన చర్చి తెల్లగుడ్డ కప్పి, పంచలో ఓ మూల పెట్టాను.

నేను ఊరి బయట రోడ్డు మీద నిలబడితే అయ్యగారి మోపెడ్ అటు చేల డొంకన ఊళ్లోకి వెళ్లిపోయింది. ఈలోగా చర్చిలో కుర్చీ లేకపోవడం చూసి సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. కారు చూశాడు. పెద్దావిడ ఈరోజు వెళ్లిపోతోందని విన్నాడు. "కుర్చీ ఎట్టాగూ ఇక్కడే ఉంది. మోసుకుపోయే బదులు ఆరాధనే ఇక్కడ పెట్టుకుందాం, సాగనంపినట్టూ ఉంటది" అన్నాడట. నేను రొప్పుకుంటూ వచ్చేసరికి సంఘమంతా మిరపకాయల చుట్టూ చాపలేసుకుని కూర్చుని ఉంది. మధ్యలో తాడు పక్కనే తెల్లగుడ్డతో కుర్చీ. అయ్యగారు దాని ముందు నిలబడి ఉన్నారు. పాతికేళ్ల కుర్రాడు, వచ్చి ఏడాది కూడా కాలేదు. సన్నగా, చొక్కా లోపల మనిషి ఉన్నాడో లేడో అన్నట్టు ఉండేవాడు.

"అయ్యగారూ, ఆ కుర్చీ వద్దండి. మంచం మీద కూర్చోండి" అన్నాను.

"అయ్యగారిని రోగిష్టి మంచం మీద కూర్చోబెడతావా? సిగ్గుండక్కర్లా?" అన్నాడు సంఘపెద్ద.

మంచం మీంచి మా అత్త అరిచింది. "అందులో కూర్చోమాకయ్యా! అది నాది!"

ఒంగోలు మరిది తమ్ముడి వైపు తిరిగి తల పట్టుకున్నాడు. "చూశావా? మతి కూడా పోయింది. అయ్యగారి కుర్చీ తనదంటంది. ఇంక నడిచి చూపించేదేముంది, కారు తలుపు తియ్యి."

నిజం చెబుదామంటే అంతమందిలో, ప్రార్థనకు కళ్లు మూసుకోబోతున్న మనుషుల ముందు, ఆ కుర్చీ ఎందుకో నోరెలా తెరిచి చెప్పను? అయ్యగారు కూర్చున్నారు. మర్యాదస్తుడు కాబట్టి అంచు మీదే కూర్చున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ప్రార్థన మొదలైంది. అయ్యగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని చేశారు. ముందురోజు సాయంత్రమంతా మా అత్త మిరపకాయల చేతులతో పట్టుకుని లేచింది ఆ చేతుల మీదే. ఎండకు చెమట పట్టి ఆయన ముఖం తుడుచుకున్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు.

ఇక చూడండి. గొంతు పూడుకుపోయింది. కళ్లమ్మట ధారలు. తుడిచేకొద్దీ ఇంకా. "ప్రభువా... ఈ తల్లిని..." అని మాట రాక ఆగిపోయారు. ఈ ముసలమ్మ కోసం ఇంత దుఃఖపడే పాస్టరు దొరికాడని సంఘం కదిలిపోయింది. ఆడవాళ్లు ఏడ్చారు, సంఘపెద్ద ఏడ్చాడు, కొడుకులిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కారు డ్రైవరు బోనెట్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. మధ్యమధ్య మిరప ఘాటుకు తుమ్ములు. ఏడవనిది మా అత్త ఒక్కతే. ఆమె కుర్చీ వంకే చూస్తోంది.

"ఆమేన్" అని అయ్యగారు కళ్లు మూసుకునే వెనక్కి వాలారు. పెద్ద మరిది ముక్కు చీదుకుని గడియారం చూసుకుని, "తొమ్మిదిన్నరయింది వదినా" అన్నాడు.

దిండుతో సహా పోయారు. నాలాంటి ఒళ్లయితే పైనే ఆగేది. ఆయన సన్నటి మనిషి, నడుం దాకా దిగిపోయారు. మోకాళ్లూ చేతులూ ముఖమూ మాత్రమే పైన మిగిలాయి. లేవబోయారు, కుర్చీ కూడా లేచింది. కళ్లు కనపడక, వంగిన నడుముతో, వెనక టేకు కుర్చీతో, రెండడుగులు మిరపకాయల్లోకి వేశారు.

"కాయలు! కాయలు!" అని ముసలమ్మలంతా ఒక్కసారే అరిచారు.

నలుగురు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చి తాడు పక్కన కూలేశారు. ఇద్దరు చేతులు లాగారు, ఇద్దరు కుర్చీ లాగారు. రాలేదు. పెద్దావిడను సాగనంపుదామని వచ్చిన వడ్రంగి అంతా చూసి, "రంపం తెస్తా" అన్నాడు.

అప్పుడు లేచింది మా అత్త. మంచం పట్టె పట్టుకుని కాళ్లు దించి, తాడు పట్టుకుని బయలుదేరింది. చెయ్యి మార్చి చెయ్యి, మెల్లిగా. దారిలో ఎవరిదో లంగా ఆరేసి ఉంటే తీసి కింద పారేసింది. అందరూ చూస్తున్నారు, ఎవరూ కదల్లేదు. కుర్చీ దగ్గరికొచ్చి దాని వీపు మీద చెయ్యి వేసింది.

"నా కుర్చీ మీద రంపం పడితే ఊరుకోను. ఈ అయ్యగారు పోతే ఇంకో అయ్యగారిని పంపిస్తారు. కుర్చీ పోతే నాకెవరు పంపిస్తారు?"

"అత్తా!" అన్నాను.

"నువ్వుండు. అయ్యా, చేతులతో గింజుకోమాకు. నువ్వు రోజూ చేసే పనే. మోకరించు."

ఆయన మోకరించారు. కుర్చీ వెనక కాళ్లు పైకి లేచాయి. సంఘపెద్ద వెనక నుంచి రెండు చేతులా లాగాడు. బుడుంగున ఊడొచ్చింది. దిండు మటుకు కాసేపు అయ్యగారితోనే ఉండిపోయింది.

మా అత్త ఎవరి కోసం ఆగలేదు. కుర్చీ నిలబెట్టమని, దానివైపు వీపు తిప్పి, చేతుల మీద బరువేసి కూర్చుంది. పాదాలు వెనక్కి లాక్కుని లేచింది. ఒంగోలు కొడుకు వైపు తిరిగింది. "అయింది. ఇప్పుడు చెప్పు."

వాడికి అప్పటికిగానీ ఆ కుర్చీ ఏమిటో అర్థం కాలేదు. అయ్యగారికీ అప్పుడే అర్థమైంది. నేను నీళ్లు పోస్తుంటే కళ్లు కడుక్కున్నారు. ఎర్రటి కళ్లతోనే పెద్ద మరిదిని అడిగారు.

"ఒంగోల్లో మీ ఇంట్లో ఎట్టా అండీ, దొడ్డి?"

"అద్దె ఇల్లండి. ఆరు కాపరాలకు ఒకటి. మూడు మెట్లెక్కాలి" అన్నాడు మరిది.

"పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఆవిడ పొగాకు గ్రేడింగుకు పోద్దండి. ఎవరూ ఉండరు."

"పొదిల్లో?"

"చెరువు గట్టుకేనండి" అన్నాడు రెండోవాడు, నేల చూస్తూ.

"నన్ను లేపడానికి ఇంతమంది పట్టారు గదండీ. ఇంకెప్పుడూ అట్టా లేవాలని లేదు నాకు" అన్నారు అయ్యగారు. "ఈ కుర్చీ ఆమెకే ఉండనివ్వండి."

పెద్ద మరిది గడియారం చూడటం మానేశాడు. తల్లి వైపు చూసి మెల్లిగా అన్నాడు. "నాకేం లేదమ్మా. ఊరు ఏమనుకుంటదో అనే."

"ఊరంతా ఈడనే కూర్చుంది గదరా. అడుగు" అన్నాడు సంఘపెద్ద.

వాడు తిరిగి చూశాడు. ఎదురింటావిడ, "ఆమె పోతే ఆ తాడు విప్పేస్తారా?" అని అడిగింది. విప్పేస్తామన్నాను. "అయితే పంపొద్దు" అంది. కారు ఖాళీగా వెళ్లింది. మా అత్త సోమవారం నుంచి మామూలుగా కాయల ముందు కూర్చుంది, ఇంకా ఆరేళ్లు నాతో జగడమాడింది, ఆ ఇంట్లోనే పోయింది. అయ్యగారు ఆ తర్వాత నిలబడే ప్రసంగం చేసేవారు. కాళ్లు నొప్పి పుట్టి త్వరగా ముగించేవారు. సంఘానికి అది బాగానే ఉండింది. కొత్త కుర్చీ చేయిద్దామని వడ్రంగిని అడిగితే మాదిరి తెమ్మన్నాడు. ఎవరూ తేలేదు.

సంఘపెద్ద ఊరంతా అన్నాడు కానీ ఊరంతా లేదు. ఎవరెవరున్నారో చెబుతాను, రేపు లేనివాళ్లు కూడా ఉన్నామని చెప్పకుండా. మా అత్త, నేను. ఒంగోలు మరిది, పొదిలి మరిది. వాళ్ల భార్యలు రాలేదు. అయ్యగారు, సంఘపెద్ద, ఆయన భార్య. వడ్రంగి. ఆయన మా మతం కాదు, అయినా అందరికంటే ముందొచ్చాడు. ఎదురింటావిడ, ఆమె చంకలో మనవరాలు. తొడిమలు తీసే ముసలమ్మలు నలుగురు, అందులో చెవుడున్నావిడకు ఏం జరిగిందో ఈరోజుకీ సగమే తెలుసు. అయ్యగారిని లాగిన పాలేర్లు ఇద్దరు. రాత్రిబడి టీచరమ్మ. ఏడ్చి ఏడ్చి, పోయేముందు తన తల్లికి కూడా అలాంటి కుర్చీ ఎక్కడ దొరుకుతుందని అడిగిన కారు డ్రైవరు.